ఆరు ఫ్లడ్‌లైట్లు పెట్టి గల్లీని చీకటి చేసుకున్నాం

ముందే చెప్తున్నా, నేను ఎలక్ట్రికల్ మనిషిని కాదు. నల్లగొండలో పానగల్ పోయే వైపు ఒక కాలనీలో ఉంటాను, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను, మా కాలనీ సంఘానికి సెక్రటరీని. ఆ పోస్టు కూడా మీటింగుకు ఆలస్యంగా పోయినందుకు వచ్చింది, నేను పోయేసరికే నా పేరు రాసేసుకున్నారు. వీధి లైట్ల గురించి ఇంత పొడుగు రాస్తానని ఏడాది కింద ఎవరన్నా చెప్తే నవ్వేవాణ్ణి. కానీ నలభై ఆరు ఇళ్లు తిరిగి ఇంటికి ఐదు వందల చొప్పున వసూలు చేసి, ఆ పైసలు పట్టుకుపోయి పనికిరాని లైట్లు కొన్నది నేనే కాబట్టి, ఇంకో కాలనీ సెక్రటరీ ఎవరైనా అదే పనికి బయలుదేరుతుంటే చదువుకుంటాడని రాస్తున్నా.

పోయిన ఏడాది బతుకమ్మకు ఇంకా పది రోజులు ఉందనగా మొదలైంది ఇదంతా. మా గల్లీలో పదకొండు కరెంటు స్తంభాలు ఉన్నాయి, అన్నీ ఒకే పక్కన. వాటిలో నాలుగింటికే లైట్లు, ఆ నాలుగింట్లో రెండు వెలిగితే వెలిగినట్టు లేకపోతే లేనట్టు. ఆడవాళ్లు బతుకమ్మ ఆడేది గల్లీ నడుమనే, పిల్లలు కాళ్లకు అడ్డం తిరుగుతుంటారు, పైగా మోరీ మీద రెండు చోట్ల బండలు లేవు. మున్సిపాలిటీ నుంచి మా వంతు వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. సరే, మనమే వేసుకుందాం, రాసివ్వాల్సిన కాగితం రాసిచ్చేద్దాం అనుకున్నాం.

షాపులో అడిగితే ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "సార్, యాభై వాట్లది పెట్టుర్రి, పట్టపగలు లెక్క కొడ్తది" అన్నాడు. పట్టపగలు అనే మాటకు నేను పడిపోయాను. మా దగ్గరున్న పైసలకు ఆరు ఫ్లడ్‌లైట్లు వచ్చాయి, స్తంభం విడిచి స్తంభానికి పెడితే పదకొండింటికి సరిగ్గా సరిపోతాయి కదా అని లెక్క కూడా కుదిరింది. లైన్‌మన్ వచ్చి, ఎల్‌సీ, అంటే పని అయ్యేదాకా ఆ లైనుకు కరెంటు ఆపే అనుమతి తీసుకుని, ఒక మధ్యాహ్నంలో బిగించేశాడు. సాయంత్రం స్విచ్ వేసినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను ఫోటో తీసి గ్రూపులో పెట్టాను, వరసగా దండాలు, చప్పట్ల బొమ్మలు.

నాలుగో రోజు రాత్రి తొమ్మిదింటికి మా పక్కింటి పెద్దమ్మ, డెబ్బై దాటిన మనిషి, నాలుగో స్తంభం దగ్గర మోరీ అంచున కాలు జారి కూర్చుండిపోయింది. అదృష్టం బాగుండి మోకాలు చెక్కుకుపోవడంతో పోయింది. "లైటు ఉన్నది గదా పెద్దమ్మా" అన్నాను, ఏదో నా తప్పు లేదన్నట్టు. "లైటు ఉన్నది బిడ్డా, గా లైటే కండ్లల్ల కొడ్తుంది. దాన్ని దాటినంక ఏం కనపడ్తలేదు" అంది.

ఆ మాట రెండు రోజులు నన్ను తిననివ్వలేదు. మూడో రోజు రాత్రి కాగితం, పెన్నూ తీసుకుని కూర్చున్నాను.

ఇది పదో తరగతి త్రిభుజమే, భయపడకండి. లైటు ఎత్తు సుమారు 6 మీటర్లు, స్తంభానికీ స్తంభానికీ నడుమ సుమారు 30 మీటర్లు. ప్రతి స్తంభానికీ లైటు ఉంటే నట్టనడుమ చోటు ఒక్కో లైటుకు 15 మీటర్ల దూరంలో ఉంటుంది. భుజాలు 6, 15 అయితే కర్ణం 16 చిల్లర. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది, పైగా ఏటవాలుగా పడేసరికి నేల మీద ఇంకా పలచబడుతుంది. రెండూ కలిపితే ఆ కోణపు కొసైన్‌ను ఘనం చేయాలి, అంటే 6ను 16.2తో భాగించి వచ్చినదాన్ని మూడుసార్లు గుణించుకోవాలి. లైటు అన్ని దిక్కులా ఒకేలా వెలుగు చిమ్ముతుందనుకుంటే, స్తంభం కింద ఎంత ఉందో అందులో ఇరవయ్యో వంతు నడుమకు చేరుతుంది. అవతలి లైటు నుంచి ఇంకో ఇరవయ్యో వంతు వస్తుంది కాబట్టి మొత్తం పదో వంతు. ఇదీ అన్ని స్తంభాలకూ లైట్లు ఉన్నప్పటి మాట.

మేము చేసిన తెలివైన పని ఏంటి, ఒకటి విడిచి ఒకటి పెట్టాం. అప్పుడు దూరం 15 కాదు, 30. మళ్లీ అదే లెక్క వేస్తే ఒక్కో లైటు నుంచి వచ్చేది నూట ముప్పయ్యో వంతు. పెద్దమ్మ జారిన నాలుగో స్తంభం సరిగ్గా ఆ నడుమ చోటు.

అసలు కీలకం ఇంకొకటి ఉంది, అది అర్థమయ్యేసరికి నాకు నిజంగా సిగ్గేసింది. యాభై బదులు వంద వాట్లది పెట్టినా ఈ నిష్పత్తి మారదు. కింద రెట్టింపు అవుతుంది, నడుమ కూడా రెట్టింపు అవుతుంది, తేడా అట్లనే ఉంటుంది. మన కన్నేమో ఆ ఎక్కువ వెలుగుకు అలవాటు పడి పాపను చిన్నది చేసుకుంటుంది, ఆ కన్నుతో నడుమకు వచ్చేసరికి అక్కడున్న కాస్తా కనపడదు. వయసు మీద పడి కంట్లో పొర మొదలైనవాళ్లకు ఇంకా కష్టం, తీక్షణమైన వెలుగు ఆ పొరలో చెదిరి కన్నంతా తెల్లగా అయిపోతుంది. పాత లైట్లు ఉన్నప్పుడు గల్లీ అంతా మసకగా ఉండేది కానీ పెద్దమ్మ ఏనాడూ జారలేదు.

లెక్క సరే, నిజంగా అంతేనా అని కొలిచి చూడాలనిపించింది. ఫోన్‌లో ఆప్ వేసుకుంటే ఒకసారి చూపించింది ఇంకోసారి చూపించలేదు, దాన్ని నమ్మకండి. వాడపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే నా పాత స్టూడెంట్ ఒకడు ఉన్నాడు, వాళ్ల దగ్గర పనిచేసే చోట వెలుగు కొలిచే లక్స్ మీటరు ఉంటుంది. ఆదివారం వాడే పట్టుకొచ్చాడు. రాత్రి పదింటికి ఇద్దరం గల్లీలో నేల మీద మీటరు పెట్టుకుంటూ, సుద్దముక్కతో అంకెలు రాసుకుంటూ పోతుంటే కుక్కలు మా వెంట పడ్డాయి, అది వేరే కథ. మూడో స్తంభం కింద 41 లక్స్. నాలుగో స్తంభం దగ్గర సున్నా. మీటరు పాడైందేమోనని వాడు దాన్ని రెండుసార్లు తట్టి చూశాడు. పాడు కాలేదు. నిండు పున్నమి వెన్నెల కూడా అర లక్స్‌లోపే ఉంటుంది, మా నాలుగో స్తంభం పరిస్థితి అదీ.

41 అనేది ఎంత వృథానో తెలియాలంటే ఇంకో అంకె చూడాలి. మన దేశంలో రోడ్ల లైట్లకు ఐఎస్ 1944 అని ఒక ప్రమాణం ఉంది. అందులో బాగా రద్దీ ఉండే పెద్ద రోడ్డుకు సగటున 30 లక్స్ చెప్పారు. మా గల్లీ లాంటి, బండ్లు తక్కువ తిరిగే చిన్న రోడ్డుకు ఎంతో తెలుసా, 4. నాలుగంటే నాలుగే. దాంతోపాటు ఇంకో షరతు కూడా ఉంది, అతి తక్కువ వెలుగున్న చోటు సగటులో పదింట మూడు వంతులకు తగ్గకూడదు. అంటే ఆ ప్రమాణం రాసినవాళ్లకు ఎంత వెలుగు అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడా గుంతలు లేకుండా పరుచుకోవడం కూడా అంతే ముఖ్యం. మేము పెద్ద రోడ్డును మించిన వెలుగు ఒక చోట కుప్ప పోసి, పక్కన అమావాస్య పెట్టాం.

ఇక రంగు సంగతి. డబ్బా మీద 6500 కె అని ఉంటే నేను అది మోడల్ నంబర్ అనుకున్నాను, నవ్వకండి. కె అంటే కెల్విన్, వెలుగు రంగును చెప్పే అంకె. పాతకాలపు పసుపు సోడియం లైట్లు 2000 దగ్గర ఉండేవి. క్లాక్‌టవర్ సెంటర్‌లో ఆ పసుపు వెలుగు నా వయసువాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది, దాని కింద ఎర్ర బండి గోధుమరంగులో కనపడేది, కరెంటు పోయి వస్తే లైటు వెంటనే వెలగకుండా నిమిషాల తరబడి బద్ధకంగా లేచేది. వాటి మీద నాకేం ప్రేమ లేదు, ఎల్‌ఈడీలు వచ్చాక కరెంటు ఎంత మిగిలిందో అందరికీ తెలుసు. 2015 జనవరిలో కేంద్రం వీధి లైట్ల జాతీయ పథకం మొదలుపెట్టినప్పటి నుంచి ఊరూరా మార్పు వచ్చింది, అది మంచికే. గొడవంతా తెల్లటి ఎల్‌ఈడీ తయారయ్యే తీరులో ఉంది. లోపల ఉండేది నీలం చిప్, దాని మీద పసుపు పూత. పూత పలచగా ఉంటే నీలం ఎక్కువగా బయటికి వస్తుంది, కెల్విన్ అంకె పెరుగుతుంది. 6500 అంటే నీలం బాగా ఉన్నట్టు. రాత్రిపూట నిద్రను చెడగొట్టేది ఎక్కువగా ఆ నీలమే, కన్నులో ఎక్కువగా చెదిరేది కూడా అదే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో వీధి లైట్లు 3000 కెల్విన్ మించకుండా పెట్టుకోవాలని సూచించింది. అంతకు ముందే, 2014లో, కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్లో కొత్తగా పెట్టిన తెల్ల లైట్ల మీద జనం గొడవ చేస్తే ఇళ్ల మధ్య ఉన్నవి తీసేసి 2700వి పెట్టారు. చదివాక కొంచెం ధైర్యం వచ్చింది, ఈ తప్పు మా గల్లీకే ప్రత్యేకం కాదన్నమాట.

మా దగ్గర గొడవ మాత్రం పూలకుండీల రూపంలో వచ్చింది. ఐదో స్తంభం ఎదురింటి అక్కకు చామంతులంటే ప్రాణం. గేటు ముందు ఎనిమిది కుండీలు, పెరట్లో ఇంకో ఐదు, అన్నీ ఒకే రోజు నాటిన పిలకలు, ఒకే ఎరువు. కార్తీకం వచ్చేసరికి పెరట్లో కుండీలు విరగబూశాయి, గేటు ముందువి మాత్రం ఏపుగా ఆకు వేసుకుని నిలబడ్డాయి కానీ ఒక్క మొగ్గ లేదు. ఆమె దిష్టి తగిలిందని మిరపకాయలు కూడా తిప్పింది. చామంతికి మొగ్గ తొడగాలంటే పొడుగు రాత్రి కావాలి, రాత్రిపూట కొద్దిపాటి వెలుగు పడినా అది ఇంకా ఎండాకాలమే అనుకుంటుంది. పూల రైతులు దీన్నే వాడుకుని, పంటను ఆలస్యం చేయాలనుకుంటే రాత్రి బల్బులు వేస్తారు. ఆ దిష్టి నాదే, నేను కొన్న ఫ్లడ్‌లైటుది. ఆమెకు ఈ ముక్క చెప్పడానికి నాకు వారం పట్టింది. చెప్పాక నవ్వింది గానీ, "మరి మా పూల పైసలు ఎవరిస్తరన్నా" అని ఇప్పటికీ అంటుంది.

ఇంకా కంప్లైంట్లు ఉన్నాయి. ఫ్లడ్‌లైటును లైన్‌మన్ కొంచెం పైకి ఎత్తి బిగించాడు, వెలుగు దూరం పోతుందని. పోయింది, ఎదురింటి ఫస్ట్ ఫ్లోర్ బెడ్‌రూంలోకి పోయింది. వాళ్లు కిటికీకి దుప్పటి కట్టుకున్నారు. వానలు పడ్డ రాత్రి ఉసిళ్లు గుంపులుగా వచ్చి, పొద్దున లేచేసరికి వాకిట్లో రెక్కల చాప. దొంగల భయం ఉన్నవాళ్లు ఒకరిద్దరు, ఏమైనా సరే తెల్ల లైటే ఉండాలన్నారు. వాళ్లింటి కెమెరా రికార్డింగ్ వేసి చూపించాను, ఫ్లడ్‌లైటు ఎదురుగా వచ్చే మనిషి నల్లటి బొమ్మలా కనపడుతున్నాడు తప్ప ముఖం లేదు. దాంతో ఆ మాట ఆగింది.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ పోయి ట్రూప్ బజార్‌లో తిరిగాను. ఇక్కడ దొరకవని కాదు, 3000 కెల్విన్ వీధి లైటు అడిగితే ఇక్కడ నన్ను వింతగా చూశారు, "అది ఇంట్లో హాల్‌కు పెట్టుకునేది సార్" అన్నారు. ఈసారి అడిగి కొన్నాను. ఫ్లడ్‌లైటు వద్దు, వీధి లైటే కావాలి, లెన్సు ఉన్నది, అంటే వెలుగు కిందకు గుమ్మరించకుండా రోడ్డు పొడవునా రెండు పక్కలకు తోసేది. అద్దం చదునుగా ఉండి, నేలకు సమాంతరంగా బిగిస్తే పైకి ఒక్క చుక్క వెలుగు పోకూడదు. వాన నీళ్లు, దుమ్ము చొరబడకుండా ఐపీ 65 గానీ 66 గానీ ఉండాలి. నల్లగొండ ఎండలకు, వైశాఖంలో వచ్చే గాలిదుమారాలకు ముందు చచ్చేది లోపలి చిప్ కాదు, డ్రైవర్, అంటే ఆ చిప్‌కు సరిపడా కరెంటు అందించే భాగం. 50,000 గంటలు వస్తుందని డబ్బా మీద రాస్తారు, రాత్రికి పన్నెండు గంటలు లెక్కేస్తే అది పదకొండేళ్లు దాటుతుంది, కానీ ఆ అంకె చిప్‌ది. పిడుగు పడి తీగలో వోల్టేజీ ఒక్కసారి ఎగిరితే డ్రైవర్ ఆ రాత్రే పోతుంది. అందుకే సర్జ్ రక్షణ 10 కిలోవోల్టులు ఉన్నదే తీసుకున్నాను, డ్రైవర్ విడిగా మార్చుకోవచ్చా అని విప్పించి మరీ చూశాను. షాపాయన విసుక్కున్నాడు, విసుక్కోనీ.

వాట్లు ఎన్నో తెలుసా, 24. పదకొండు స్తంభాలకు పదకొండు. మొత్తం 264 వాట్లు, ముందు పెట్టిన ఆరు ఫ్లడ్‌లైట్లు 300. పైసలు మాత్రం ఎక్కువే అయ్యాయి, రెండోసారి ఇంటింటికీ తిరగడానికి ముఖం చెల్లక సగం నేనే పెట్టుకుని మిగతాది సంఘం నిధి నుంచి తీశాం.

బిగించేటప్పుడు లైన్‌మన్‌తో కాసేపు వాదన అయింది. ఆయన అలవాటు ప్రకారం పైపు పైకి వంచబోయాడు. "కిందికి చూస్తే వెలుగు పారది సారూ" అన్నాడు. ఒక్కటి నా మాట ప్రకారం పెట్టి చూపించు అన్నాను. చీకటి పడ్డాక రెండింటి కింద నిలబడి చూసి ఆయనే మిగతావి సరిచేశాడు. మళ్లీ మీటరు తెప్పించాను. స్తంభం కింద 14, నడుమ 2 దాటింది. నా లెక్క ప్రకారం నడుమ పదో వంతే రావాలి కదా, అంతకన్నా మెరుగ్గా ఎందుకు వచ్చిందంటే అదే లెన్సు చేసే పని.

మొదటి రాత్రి గ్రూపులో ఒక్క చప్పట్ల బొమ్మ కూడా రాలేదు. "లైట్లు డల్‌గా ఉన్నయ్ సెక్రటరీ సాబ్" అని ముగ్గురు రాశారు. నేను జవాబు ఇవ్వలేదు. వారం తర్వాత పెద్దమ్మ రాత్రి అన్నం తిన్నాక గల్లీ చివరి దాకా పోయి వస్తుండటం చూశాను, కర్ర కూడా లేకుండా. ఆ ముగ్గురికీ అదే రాసి పెట్టాను.

అన్నీ కుదిరాయని చెప్పను. స్తంభాలు కరెంటు తీగల కోసం వేసినవి, వెలుగు కోసం కొలిచి వేసినవి కావు, అందుకని ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య దూరం మిగతావాటికన్నా ఎక్కువ, అక్కడ ఇంకా మసకే. ఏడో స్తంభం దగ్గర వేపచెట్టు కొమ్మ లైటుకు అడ్డం, దాన్ని కొట్టడానికి ఆ ఇంటావిడ ఒప్పుకోదు, నాకు కూడా అడగబుద్ధి కాలేదు. పైపును రెండడుగులు పొడిగించి కొమ్మ కిందికి తెచ్చాం. ఇక కోతులు. తీగల మీద నుంచి లైటు మీదికి దూకి ఊగుతుంటే క్లాంపు తిరిగిపోయి, నెలకోసారి ఏదో ఒక లైటు ఆకాశం వైపో, ఎవరో ఒకరి వంటింటి వైపో చూస్తుంటుంది. దీనికి ఏ ప్రమాణంలోనూ పరిష్కారం లేదు, క్లాంపుకు రెండో బోల్టు వేసుకోవడమే.

పగలు వెలిగే జబ్బు గురించి కూడా రెండు మాటలు. చాలా చోట్ల వీధి లైట్లు మిట్టమధ్యాహ్నం వెలుగుతుంటే జనం తిట్టుకుంటారు. లైట్లకు విడిగా తీగ లేకుండా నేరుగా ఇళ్ల లైనుకే కలిపితే వాటిని ఆర్పే దారే ఉండదు. తెలంగాణ ప్రభుత్వం పల్లెప్రగతి కార్యక్రమం పెట్టినప్పుడు ఊళ్లలో లైట్లకని విడిగా మూడో తీగ లాగి, మీటర్లు పెట్టింది అందుకే. మా గల్లీలో తీగ ఉంది, టైమర్ లేదు. మొదట్లో స్విచ్ వేసే డ్యూటీ ఇంటికో వారం అనుకున్నాం, రెండో వారానికే అది నా వారం అయింది. ఇప్పుడు చిన్న టైమర్ పెట్టాం. ఎండాకాలం, చలికాలం పొద్దు మారినప్పుడు ముల్లు తిప్పుకోవడం మర్చిపోతే ఏడింటి దాకా చీకట్లో ఉంటాం.

మా స్కూలు పిల్లలను ఏడాదికోసారి పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోతాను. గర్భగుడిలో రోజంతా కదలకుండా ఉండే నీడను చూసి, ఏ స్తంభం నీడ సార్ అది అని పిల్లలు అడుగుతారు. ఏ ఒక్క స్తంభానిదీ కాదు, బయటి స్తంభాల మధ్య నుంచి ఎన్నో వైపుల పగటి వెలుగు చెదిరి లోపలికి వచ్చి కలిసే తీరు అది. కుందూరు చోళుల కాలంలో కట్టినవాళ్లకు వెలుగు ఎటు నుంచి ఎటు పోతుందో ఆ మాత్రం పట్టింపు ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో ఉండే లెక్కల సారు డబ్బా మీద వాట్లు చూసి లైట్లు కొన్నాడు. ఈ ముక్క పిల్లలకు ఇంకా చెప్పలేదు.

చామంతుల సంగతి అడుగుతారేమో, అక్క ఈసారి కుండీలను గేటు లోపలికి, గోడ నీడకు జరిపింది. కొత్త లైటుకు ఆ పక్క ఒక రేకు కూడా అడ్డం కట్టించాం. పూస్తాయో లేదో కార్తీకంలో తెలుస్తుంది.

ఆ ఆరు ఫ్లడ్‌లైట్లలో రెండు మూలమలుపు దగ్గర గుడి ఆవరణలోకి పోయాయి, నేల వైపు తిప్పి పెట్టుకోమని చెప్పి ఇచ్చాను. నాలుగు మా మెట్ల కింద ఉన్నాయి. వచ్చే నెల వినాయక మండపానికి ఎవరికన్నా కావాలంటే వచ్చి తీసుకుపోండి, పైసలేం వద్దు, తొమ్మిది రోజులైనాక తిరిగి మాత్రం తేకండి.